ఎడమ అంచు

ఇంగ్లండులో హల్ అనే రేవుపట్నంలో, హెస్సిల్ రోడ్డు పక్క వీధుల్లో, నోరా స్టాథర్స్‌ని గుర్తుపట్టనివాళ్ళు ఉండొచ్చు గాని ఆరేళ్ళ నోరాని గుర్తుపట్టనివాళ్ళు లేరు. బాంబులు పడిన మర్నాడు పొద్దున్నే తీసిన ఫొటో అది. వెనక కూలిన ఇళ్ళు, పొగ. ముందు ఇనప టోపీ పెట్టుకున్న కుర్రాడు, సైకిళ్ళ మీద కబుర్లు చేరవేసే దళంవాడు. అతని చేతుల్లో దుప్పటి చుట్టిన చిన్నపిల్ల. దుప్పట్లోంచి ఒక కాలు జోడు లేకుండా బయటికి వేలాడుతుంటుంది. యుద్ధం రోజుల్లో పత్రికల్లో పడిన ఆ ఫొటో తర్వాత బడిపుస్తకాల్లోకి ఎక్కింది. లైబ్రరీ మెట్ల దగ్గర ఒకటి, చేపలూ చిప్సూ వేయించే కొట్టు గోడ మీద ఒకటి ఇప్పటికీ ఉన్నాయి. ఆ కుర్రాడు క్లిఫర్డ్ స్టాథర్స్. ఆ పిల్ల నోరా బ్లెంకిన్. పిల్ల పెద్దదై, తనని ఎత్తుకున్న కుర్రాణ్ణే పెళ్ళి చేసుకుందని తెలిశాక ఊరు ఇక ఆ కథని వదల్లేదు.

నోరాకి మాత్రం ఆ రాత్రి సంగతి ఏమీ గుర్తు లేదు. మెట్ల కింద అరలో అమ్మ తనని కూర్చోబెట్టి తలుపు మూసినంతవరకే తెలుసు. ఆ తర్వాత ఆస్పత్రి గోడ. చాలా రోజులు చెవులు వినిపించలేదు. తక్కినదంతా క్లిఫర్డ్ చెప్పగా విన్నదే. విని విని అది తన సొంత జ్ఞాపకమే అనిపించేది.

అమ్మ ఆ రాత్రి వంటింట్లో పోయింది. అన్న లెన్ కూడా పోయాడు గాని, పోయింది ఇంట్లో కాదు. పక్క వీధి చివర, బాంబులు పడేటప్పుడు జనం తలదాచుకునే షెల్టర్ గుమ్మంలో వాడి శవం దొరికింది. వాడూ సైకిలు దళంలోవాడే. పదిహేనేళ్ళకే వయసు ఎక్కువ చెప్పి చేరాడు. నాన్న వాల్టర్ అప్పుడు సముద్రం మీద ఉన్నాడు. చేపలు పట్టే ఓడల్ని జర్మన్లు నీళ్ళలో వదిలిన పేలుడు మైన్లు ఏరడానికి పంపేవారు, వాటిలో ఒకదాని మీద. వెళ్ళేముందు కొడుకు భుజం మీద చెయ్యేసి, "మీ అమ్మనీ చెల్లినీ నీకొదిలి పోతున్నా" అన్నాడట. తిరిగొచ్చి, వాడు ఎక్కడ దొరికాడో విన్నాక ఆయన వాడి పేరు మళ్ళీ ఎత్తలేదు. తల్లీ చెల్లీ ఇటుకల కింద ఉంటే వీడు ప్రాణం దక్కించుకోవడానికి షెల్టర్‌లో దూరాడని వీధంతా అనుకుంది. ఆయనా అదే అనుకున్నాడు. కూలిన ఇంట్లోంచి ఏరి తెచ్చిన వాడి ఫొటోలన్నీ పొయ్యిలో వేశాడు. ఆయన చెల్లెలు ఏడా ఒక్క బడి ఫొటోని మాత్రం దాచి, నోరా పెళ్ళినాడు రహస్యంగా ఆమె చేతిలో పెట్టింది.

ఆ పెళ్ళి విందులోనే వాల్టర్ గ్లాసు పైకెత్తి అల్లుడితో ఒక మాటన్నాడు. "నా కొడుకు చెయ్యాల్సిన పని నువ్వు చేశావు. ఇక నా కొడుకువి నువ్వే." క్లిఫర్డ్ తల వంచుకున్నాడు. పాపం, మొహమాటపడుతున్నాడని నోరా బల్ల కింద అతని చెయ్యి నొక్కింది.

యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయిన సంవత్సరం పట్నమంతా తోరణాలు కట్టారు. ఒక బొమ్మల కంపెనీ ఆ ఫొటోని వెయ్యి ముక్కల పజిల్‌గా తయారుచేసింది. ఫొటో తీసినాయన ఇంటి అటక మీద అసలు గాజు ప్లేటు దొరికిందనీ, ఇంత స్పష్టంగా ఆ బొమ్మని ఇదివరకు ఎవరూ చూసి ఉండరనీ పెట్టె వెనక రాసి ఉంది. పెట్టె మూత మీద ఎడమవైపంతా జెండా, దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. మే నెలలో మునిసిపల్ హాల్లో సభ పెట్టి క్లిఫర్డ్ చేత మాట్లాడించి, పెట్టెల మీద సంతకాలు చేయించాలని కంపెనీవాళ్ళ ఏర్పాటు. పెట్టెలు అప్పటికే కొట్లలోకి వచ్చాయి, అతనికీ ఒకటి పంపారు. దాన్ని పొయ్యిగట్టు మీద, గడియారం పక్కన నిలబెట్టుకున్నాడు.

"దాన్నలా పూజలో పెట్టకపోతే విప్పొచ్చుగా," అంది నోరా.

"విప్పు. నాకు తోటలో బంగాళాదుంపలు పెట్టే పనుంది," అన్నాడు క్లిఫర్డ్. డెబ్బై దాటినా మనిషి నిటారుగా ఉంటాడు. రేవులో వడ్రంగిపని చేసినవాడు. రిటైరయ్యాక పగలంతా ఊరిచివర కూరగాయల మడిలోనే.

నోరా ముందుగదిలో బల్ల మీద గుడ్డ తీసేసి ముక్కలు గుమ్మరించింది. అందరూ చేసినట్టే ముందు అంచుల ముక్కలు ఏరింది. చట్రం పూర్తయ్యేసరికి ఆమెకి వింతగా తోచింది. ఊరంతా ఎరిగిన ఫొటో కన్నా ఇది వెడల్పుగా ఉంది. ఎడమవైపు జానెడు ఎక్కువ. పత్రికవాళ్ళు అప్పట్లో ఆ భాగం కత్తిరించి వేసుకున్నారు కాబోలు.

పక్కింటి బ్రెండా టీకని వచ్చి బల్ల మీదికి వంగింది. "ఏమే నోరా, నీ కాలు నాలుగు ముక్కలైందే. మా ఇంట్లో ఇంకా పెట్టెలోనే ఉన్నావు, మీద దుమ్ము పడుతోంది."

"మీ ఆయన చేస్తానన్నాడుగా?"

"మా ఆయన చేస్తానన్నవన్నీ చేసుంటే నాకీపాటికి వంటింట్లో కొత్త అలమారా ఉండేది. ఇదెవరు, ఈ అంచున?"

ఎడమ అంచున రెండు బూట్లు తయారయ్యాయి. వాటి మీద ప్యాంటు, పిండిలో పొర్లినట్టు తెల్లగా. కుర్రాడి ఒళ్ళు. పెద్దవాడు కాదు, సన్నటి కాళ్ళు.

"తెలీదు. ఎవరో మరి," అంది నోరా.

మర్నాటికి చేతులు వచ్చాయి. రెండు చేతులూ ముందుకి చాచి ఉన్నాయి, అరచేతులు పైకి. ఖాళీగా ఉన్నాయి. ఒకదానికి గుడ్డ చుట్టి ఉంది, రెండోదాని వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. అది రక్తమని అర్థం కావడానికి ఆమెకి కొంతసేపు పట్టింది. ఆ చేతులు చాచినవైపే క్లిఫర్డ్ ఉన్నాడు, చేతుల్లో తనని పట్టుకుని. ఇప్పుడిప్పుడే ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి ఏదో మారినట్టుంది. క్లిఫర్డ్ కోటు మీద మట్టి మరక కూడా లేదు.

క్లిఫర్డ్ మడి నుంచి వచ్చి బల్ల దగ్గర ఆగాడు. చాలాసేపు ఆగాడు.

"ఈ అబ్బాయి ఎవరు క్లిఫ్?"

"ఎవడో. వీధి నిండా జనమేగా."

"చేతులు చూడు."

"సాయం చెయ్యడానికి వచ్చుంటాడు. భోజనానికి ఏం చేశావు?"

నోరా లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు పిండిలో మాంసం కూరి కాల్చే కిడ్నీ పై వంటకం చేసింది. అతను సగం తిని ప్లేటు పక్కకి జరిపాడు. 

ఇక ఆ మూల మిగిలింది మొహమే. మెడ దగ్గరి ముక్క దొరికింది, పైన పొగ ముక్కలన్నీ దొరికాయి. మధ్యలో రెండు ముక్కలంత ఖాళీ అలాగే ఉండిపోయింది. బల్ల కింద వెతికింది. కార్పెట్ ఎత్తి చూసింది. వాక్యూమ్ క్లీనర్ సంచీని పేపరు మీద కుమ్మరించి దుమ్మంతా వేళ్ళతో జల్లించింది.

"ఫ్యాక్టరీలో తప్పు. ఒకటో రెండో తక్కువ పడుతూనే ఉంటాయి," అన్నాడు క్లిఫర్డ్ కుర్చీలోంచి, పేపరు దించకుండా. "తీసి పెట్టెలో పడెయ్. సభకి ఇంకా చాలా పని ఉంది."

"ఒక్క మొహానివే తక్కువ పడ్డాయా?"

అతను పేపరు పేజీ తిప్పాడు.

నోరాకి అప్పుడు కూడా అనుమానం రాలేదు. ఆ మనిషి ఆమెకి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదని ఆమె నమ్మకం. ఏమీ తోచక పొద్దున్నే బ్రెండా ఇంటికి వెళ్ళింది. ఒకే అచ్చుతో కోసినవి కాబట్టి ఏ పెట్టెలో ముక్కైనా ఖాళీలో సరిపోతుంది. ఇద్దరూ వంటింటి బల్ల మీద ముక్కలు గుమ్మరించి, పొగరంగువి ఒక పక్కకీ ఇటుకరంగువి ఒక పక్కకీ తోస్తూ కూర్చున్నారు.

"పోలీసోళ్ళలాగ మొహం కోసం వెతుకుతున్నాం," అంది బ్రెండా. "దొరికితే నాకు చూపించు, అందగాడైతే నేనుంచుకుంటా."

ఒక ముక్క బ్రెండాకే దొరికింది, నుదురూ జుట్టూ ఉన్నది. రెండోది నోరాకి దొరికింది. పక్కపక్కన పెట్టి చూసింది. బ్రెండా ఇంకేదో జోకు వెయ్యబోయి, నోరా మొహం చూసి ఊరుకుంది.

"ఎవరే?"

నోరా రెండు ముక్కలూ గుప్పిట్లో పట్టుకుని ఇంటికొచ్చి ఖాళీలో పెట్టి వేలితో నొక్కింది. మేడ మీదికి వెళ్ళి బీరువా అడుగు నుంచి ఏడా అత్త ఇచ్చిన బడి ఫొటో తెచ్చి పక్కన పెట్టింది. పెట్టక్కర్లేదు నిజానికి. నెత్తి మీద లేచి నిలబడే ఆ వెంట్రుకలు, పై పెదవి మీద చిన్న చీలిక మచ్చ, అదే లెన్. మొహం సగం రక్తంతో తడిసింది. కళ్ళు కెమెరావైపు లేవు, దుప్పట్లో ఉన్న పిల్లవైపు ఉన్నాయి.

షెల్టర్‌లో దాక్కున్నవాడు తెల్లారాక ఇంటిముందు, ఒళ్ళంతా సున్నంతో, చీరుకుపోయిన వేళ్ళతో ఎందుకు నిలబడతాడు? ఆ ప్రశ్నకి ఆమె వెతుక్కోవలసిన జవాబేమీ లేదు. బల్ల మీదే ఉంది.

క్లిఫర్డ్ మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పుతూ ముందుగదిలోకి చూశాడు. ఆమె బల్ల దగ్గర నిలబడి ఉంది.

"బ్రెండా పెట్టెలో దొరికాయి," అంది.

అతను ఒక బూటుతోనే లోపలికి వచ్చాడు. లోపలి కోటు జేబులోకి చెయ్యి పెట్టి రెండు ముక్కలు తీసి, పజిల్ పక్కన బల్ల మీద పెట్టాడు. కూర్చున్నాడు.

"పొయ్యిలో వేద్దామనుకున్నా. చేతకాలేదు."

"చెప్పు."

"ఏముంది చెప్పడానికి. చూశావుగా."

"నువ్వు చెప్పు. ఇంతకాలం నువ్వు చెప్పిందేగా నేను విన్నది. ఇది కూడా నీ నోటితోనే వింటా."

చెప్పాడు. ఆ పొద్దున తను, బాంబుల వేళ వీధులు కాసే వార్డెన్ల కబురు పట్టుకుని సైకిలు మీద వచ్చేసరికి లెన్ నోరాని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. రాత్రంతా ఒట్టి చేతులతో ఇటుకలు తవ్వాడు. ఫొటో తీసేవాడొకడు వచ్చాడు. లెన్ మొహం చూసి, ఈ రక్తం చూపిస్తే సెన్సారు ఒప్పుకోదు, శుభ్రంగా ఉన్నవాడివి నువ్వు ఎత్తుకో అన్నాడు. లెన్ ఆమెని అందించాడు. అమ్మ పక్క వీధి షెల్టర్‌కి వెళ్ళిందేమో చూసొస్తా, చెల్లిని పట్టుకో అని పరిగెత్తాడు. కాసేపటికి ఆ షెల్టర్ దగ్గర, రాత్రి పేలకుండా మిగిలిన బాంబు పేలింది.

"వాడు పొద్దున పోయాడని నీకు తెలుసు," అంది నోరా.

"తెలుసు."

"రాత్రంతా అందులో దాక్కోలేదని తెలుసు."

"పేపర్లో పడింది నోరా. మా అమ్మ దాన్ని ఇంటింటికీ తిప్పింది. మీ నాన్న సముద్రం నుంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. అంత పెద్దమనిషి. అప్పుడెలా చెప్పను? తర్వాత చెబుదామనుకున్నా. ఈలోగా జనం వాణ్ణి ఆ మాటనడం మొదలెట్టారు. అప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారు."

"మా నాన్న ఫొటోలు పొయ్యిలో వేసిన రోజు నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. బొగ్గు తెచ్చిచ్చావు. ఆ రోజుల్లో నాకు గుర్తున్న కొద్దిలో అదొకటి."

అతను బూటు లేని కాలి వైపు చూస్తూ ఉండిపోయాడు. "నిన్ను బాగా చూసుకున్నాను," అన్నాడు.

"నన్ను చూసుకోమని అప్పగించినవాణ్ణి ఏం చేశావు?"

 ఆమె ఏడవలేదు, అరవలేదు. సభలో అంతా చెప్పాలంది. లెన్ తవ్వి తీశాడనీ, షెల్టర్‌కి పొద్దున వెళ్ళాడనీ, అది తెలిసీ తను ఊరుకున్నాడనీ, మూడూ చెప్పాలంది. క్లిఫర్డ్ ఒప్పుకున్నాడు. మాట ఇస్తున్నానన్నాడు. ఆమెకి ఆ రోజు అతని మీద కోపంకన్నా, ఇంకా ఏదో మిగిలి ఉందన్న ఆశే ఎక్కువగా ఉంది. సభ రోజున అతని చొక్కా తనే ఇస్త్రీ చేసింది. ఎవరైనా అడిగితే చూపిద్దామని, ఎడమ అంచు ముక్కల్ని విడిపోకుండా ఒక ట్రే మీదికి జరిపి, గట్టి గుడ్డతో బిగించి కట్టి తెచ్చుకుంది.

హాలు నిండిపోయింది. బడిపిల్లలు, పాత దళంలో మిగిలినవాళ్ళు, పేపరువాళ్ళు. నోరా మొదటి వరసలో కూర్చుంది. సభ నడిపిస్తున్న కంపెనీ మనిషి, ఎర్ర కోటు వేసుకున్నావిడ, క్లిఫర్డ్‌ని పిలిచింది.

అతను మైకు పట్టుకున్నాడు.  "ఈ ఫొటోలో పిల్లని ఇటుకల్లోంచి తీసింది నేను కాదు. వాళ్ళన్న లెన్ బ్లెంకిన్. నేను ఎత్తుకుని నిలబడ్డానంతే."

 వెనక వరసలో ఎవరో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ లేచారు. ఎర్రకోటావిడ కళ్ళు తుడుచుకుంటూ మైకు అందుకుంది. "చూశారా. యాభై ఏళ్ళ తర్వాత కూడా ఈ మనిషి పేరు తనకి ఉంచుకోవడం లేదు, పోయిన స్నేహితుడికి ఇచ్చేస్తున్నాడు. అసలైన ధైర్యవంతులు ఇలాగే మాట్లాడతారు."

నోరా క్లిఫర్డ్ మొహమే చూస్తోంది. అతను నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తాడు, మిగతాది ఇప్పుడు చెప్తాడు అనుకుంది. చప్పట్లు ఆగలేదు. అతని నోరు మెల్లగా మూసుకుంది. మొహం మీదికి చిన్న నవ్వు వచ్చింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని జనానికి తల వంచాడు. పెళ్ళి విందులో వాల్టర్ గ్లాసు ఎత్తినప్పుడు వంచింది కూడా ఆ తలే.

సంతకాల బల్ల దగ్గర జనం వరస కట్టారు. నోరా వరసని దాటుకుని నేరుగా అతని పక్కకి వెళ్ళి వంగింది.

"మిగతాది చెప్పు."

"చెప్పాను కదే. నువ్వే విన్నావుగా," అన్నాడు గొంతు తగ్గించి. కలం మూత అప్పటికే తీసి ఉంది. "వాళ్ళు నమ్మకపోతే నేనేం చెయ్యను?"

ఎదురుగా నిలబడ్డ ఒక తల్లి తన పాపని ముందుకి తోసింది. "తాతగారికి థ్యాంక్స్ చెప్పమ్మా." క్లిఫర్డ్ పాప పేరు అడిగి, పెట్టె మీద రాశాడు.

నోరా బయటికొచ్చి విథర్న్‌సీ బస్సెక్కింది, ఒళ్ళో ట్రే పెట్టుకుని. ఏడా అత్త అక్కడ, సముద్రం ఒడ్డున, ముసలివాళ్ళని చూసుకునే ఇంట్లో ఉంటోంది. తొంభై దాటింది. చెవులు మందగించాయి గాని కళ్ళు బాగానే కనిపిస్తాయి.

"ఏంటమ్మడూ, చెప్పాపెట్టకుండా వచ్చావు. క్లిఫర్డ్ ఏడీ?"

"ఊళ్ళో ఉన్నాడత్తా."

నోరా గుడ్డ విప్పి ట్రే ఆవిడ ఒళ్ళో పెట్టింది. కొన్ని ముక్కలు విడిపోతే సర్దింది. ఏడా కళ్ళద్దాలు సవరించుకుని చూసింది. ఏం చూస్తున్నదో అర్థమయ్యాక వేలితో ముందు మొహాన్ని కాదు, చేతుల్ని తాకింది. నోరా అంతా చెప్పింది, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి, మధ్యలో రెండుసార్లు మళ్ళీ మొదట్నుంచి. ఏడా విన్నంతసేపూ ఆ వేళ్ళ దగ్గరే చెయ్యి ఉంచింది.

"వాల్టర్ నిద్రలో వీణ్ణి తిట్టేవాడు," అంది చివరికి. "మీ ఇంట్లో ఉన్నప్పుడు గోడవతల నుంచి వినేదాన్ని. తిట్టి తిట్టి ఏడ్చేవాడు. ఇంకోటి చెప్పు. వాల్టర్ పోయినప్పుడు శవపేటిక ముందు కొస ఎవరు మోశారు?"

"క్లిఫర్డ్."

"అవును. నేను వెనకే నడిచా. ఎంత మంచి అల్లుడో అనుకుంటూ నడిచా."

 ఎవరో టీ తెచ్చి పెట్టి వెళ్ళారు. ఏడా తన బిస్కట్టు నోరావైపు జరిపింది, చిన్నప్పటిలాగే.

నోరా ఆ రాత్రి బ్రెండా ఇంటి వెనకగదిలో పడుకుంది. వేసవి ముగిసేలోపు విథర్న్‌సీలో అత్తకి దగ్గరగా రెండు గదుల ఇల్లు చూసుకుంది. పేపరుకి నిజం చెప్పింది. లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసి, పైన క్లిఫర్డ్ నవ్వుతున్న ఫొటోనే పెట్టారు. అయినా హెస్సిల్ రోడ్డులో ఆ వయసువాళ్ళు కొంతమంది ఆమెని వెతుక్కుంటూ వచ్చి, మేమూ వాణ్ణి ఆ మాటన్నాం నోరా, అని చెప్పి వెళ్ళారు. వాళ్ళని ఆమె కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

క్లిఫర్డ్ ఆదివారాలు బస్సెక్కి వచ్చేవాడు, మడిలో కాసిన చిక్కుళ్ళు సంచిలో వేసుకుని. అతన్ని గుమ్మంలో నిలబెట్టడం ఆమెకి చేతకాలేదు. లోపలికి రానిచ్చేది. అతను కిటికీలోంచి సముద్రం చూస్తూ, వాన గురించీ బ్రెండా మొగుడి నడుంనొప్పి గురించీ చెప్పేవాడు. ఒక ఆదివారం లేచి టోపీ పెట్టుకుంటూ అడిగాడు.

"ఆ ఒక్కటీ తీసేస్తే, ఇన్నేళ్ళూ మనం బాగానే ఉన్నాం కదే నోరా?"

"ఉన్నాం," అంది నోరా. "నాకు మింగుడుపడనిది అదే. ఎవడి నోరు నొక్కి ఉన్నామో తెలియక ఉన్నాను. నువ్వు తెలిసి ఉన్నావు."

చిక్కుళ్ళ సంచి తెచ్చి అతని చేతికిచ్చింది. వచ్చే వారం నుంచి రావద్దంది. అతను మెట్లు దిగి బస్సు స్టాపు దాకా నడిచి వెళ్ళడం కిటికీలోంచి చూసి, బస్సు వెళ్ళిపోయాక అత్తకి భోజనం తినిపించే వేళయిందని కోటు తొడుక్కుంది.